ఈసారి పుస్తకం వంతు నాది

శ్రావణమాసంలో పుస్తకం ఎంచే వంతు ఎవరికీ రాకూడదండీ. మంగళగౌరి నోములు, వరలక్ష్మీ వ్రతం, ఇంటింటి పేరంటాలు, ఫ్రిజ్ నిండా వాయనం శనగలు. ఎవర్ని కదిపినా "ఈ వారం కాదమ్మా" అనేవాళ్ళే. సరిగ్గా అలాంటి నెలలోనే నా వంతు వచ్చింది. సెప్టెంబరులో మేం పదహారు మందిమీ కలిసి చదవబోయే పుస్తకం ఏమిటో నేను తేల్చాలి.

మా గుంపు గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 2020లో గుమ్మం దాటే వీల్లేని రోజుల్లో నేను, మా తోడికోడలు, మా పై అంతస్తు ఆవిడ, ఆవిడకి తెలిసిన ఒక రిటైరైన తెలుగు టీచరుగారు, నలుగురం మొదలుపెట్టాం. ఒకరి వెంట ఒకరు వచ్చి ఇప్పుడు పదహారు మందిమయ్యాం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, బెంగళూరు, డాలస్, సిడ్నీ, సోలాపూర్. పేర్లు పెట్టి పిలుచుకోవడం ఎప్పుడో మానేశాం. "డాలస్ ఇంకా రాలేదేం?", "విశాఖకి జ్వరమట" ఇలాగే మా మాటలు. నెలాఖరు ఆదివారం పొద్దున ఏడున్నరకి వీడియోలో కలుస్తాం. అప్పటికి డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిది, సిడ్నీలో మధ్యాహ్నం పన్నెండు. మా ఇంట్లో మాత్రం అది టిఫిన్ వేళ. ఈ ఐదేళ్ళలో మా వారు ఇడ్లీ వాయి దించడం నేర్చుకున్నారు. చట్నీ ఇంకా నా పనే.

పుస్తకం ఎంచడం అంటే నచ్చింది చెప్పేసి ఊరుకోవడం అనుకునేదాన్ని మొదట్లో. కాదు. అదొక పెళ్ళి భోజనం వంటకాల పట్టీ. ఒకరికి ఉల్లి పడదు, ఒకరికి తీపి వద్దు, ఒకరు వచ్చేసరికే సగం వడ్డన అయిపోతుంది. ముందు పుస్తకం దొరకాలి. తెలుగులో మంచి పుస్తకం అనగానే సగం సార్లు "కాపీలు లేవండీ, మళ్ళీ వేస్తే చెప్తాం" అనే జవాబు. దొరికితే సిడ్నీకి ఎలా చేరాలి? పోస్టు ఖర్చు పుస్తకం ఖరీదుని మించిపోతుంది. డాలస్ అమ్మాయి ఊరొచ్చినప్పుడల్లా ఏడాదికి సరిపడా పుస్తకాలు పట్టుకెళ్తుంది. పెట్టెకి ఇరవై మూడు కిలోలు, అందులో వాళ్ళమ్మ పెట్టే ఆవకాయ, కందిపొడి, నువ్వులపొడి పోగా మిగిలిన బరువు సాహిత్యానిది.

తర్వాత నెల చూసుకోవాలి. మార్చిలో పిల్లల పరీక్షలు, మేలో ఆవకాయలు, వచ్చే పోయే చుట్టాలు. ఒక మేలో టీచరుగారి మాట మీద 'పాకుడురాళ్ళు' పెట్టుకున్నాం. జ్ఞానపీఠం వచ్చిన రావూరి భరద్వాజగారి నవల, సినిమా లోకం కథ, చదవడం మొదలుపెడితే ఆగదు కూడా. కానీ లావు పుస్తకం. ఆవాలు ఎండబెట్టుకుంటూ, పనివాళ్ళ వెనకాల తిరుగుతూ, సగం మందిమి మంజరి ఏమైందో తెలియకుండానే జూన్‌లోకి వచ్చిపడ్డాం.

నేనేం తక్కువ తినలేదు. కిందటిసారి నా వంతుకి బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' చెప్పాను. నిజం చెప్పొద్దూ, ఆ నవలని నేను ఇంటరులో ఉన్నప్పుడు చదివి, అర్థం కాకపోయినా అర్థమైనట్టు పాతికేళ్ళు తిరిగాను. ఈ వంకనైనా మళ్ళీ చదువుదామని, దాంతోపాటు నలుగురూ 'అబ్బో' అనుకుంటారని. పదహారు మందిలో పూర్తి చేసింది ముగ్గురు. ఆదివారం నాడు చివరకు మిగిలింది మేం ముగ్గురమే అని మా తోడికోడలు జోకు.

చలంగారి 'మైదానం' నెల మాత్రం అందరూ చదివారు. 1927 నాటి నవలకి అంత గొడవపడతామని అనుకోలేదు. రాజేశ్వరి చేసింది తప్పా ఒప్పా అని విశాఖ, విజయవాడ గొంతులు లేపుకుంటుంటే, మధ్యలో బెంగళూరు అమ్మాయి హఠాత్తుగా మాయమైపోయింది. వాళ్ళత్తగారు గదిలోకి వచ్చారట. రంగనాయకమ్మగారి 'స్వీట్ హోమ్' నెల ఇంకా బాగుంది. విమల, బుచ్చిబాబు మాటలు తల్చుకుని అందరం మా ఇళ్ళ సంగతులే చెప్పుకున్నాం. ఎవరి బుచ్చిబాబు గురించి వాళ్ళు.

ఇక టీచరుగారు. ఆవిడ ప్రతి నెలా, ఎవరి వంతైనా సరే, 'వేయిపడగలు' అని ఒక మెసేజ్ పెడతారు. వెయ్యి పేజీల పుస్తకం నెలలో ఎలాగండీ అంటే, "ఆయన రాసిందానికంటే చదవడం కష్టమా అమ్మా?" అంటారు. దానికి జవాబు మా ఎవరి దగ్గరా లేదు.

సరే, ఈసారికి మూడు పుస్తకాలు అనుకున్నాను. ఒకటి 'వనవాసి'. బెంగాలీలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 'ఆరణ్యక్' రాస్తే, సూరంపూడి సీతారాంగారు తెలుగు చేశారు. రెండోది ఓల్గాగారి 'విముక్త', 2015లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కథలు. సీత దారిలో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఎదురవుతారు. చిన్న పుస్తకమే. మూడోది సోమరాజు సుశీలగారి 'ఇల్లేరమ్మ కతలు'. ఇది ఊరికే, మూడుండాలి కదా అని చేర్చాను. నా మనసంతా 'వనవాసి' మీదే ఉంది. వాట్సాప్‌లో మూడూ పెట్టి ఓట్లు వేయమన్నాను.

సాయంత్రానికి పది ఓట్లు పడ్డాయి. 'వనవాసి'కి ఐదు, 'విముక్త'కి ఐదు. ఎవరెవరు దేనికి వేశారా అని నొక్కి చూశాను. 'విముక్త'కి పడ్డ మొదటి ఓటు సోలాపూర్‌ది.

ఈ సోలాపూర్ ఆవిడ గురించి చెప్పాలి. మా పై అంతస్తు ఆవిడకి దూరపు చుట్టం. గుంపులో చేరి ఏడాది దాటింది. వీడియోలో ప్రతి నెలా టంచనుగా వస్తుంది, తల మీద కొంగు కప్పుకుని కూచుంటుంది, వింటుంది, వెళ్ళిపోతుంది. మాట్లాడదు. మెసేజ్ పెట్టదు, బొటనవేలు బొమ్మ పెడుతుంది. నాకేదో తోచి పాత ఓట్లన్నీ వెనక్కి వెళ్ళి చూశాను. ప్రతి నెలా ఉన్నవాటిలో ఏది అన్నిటికంటే సన్నటి పుస్తకమో దానికే ఆవిడ ఓటు. ఒక్కసారి కూడా తప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ పూట అసలే ఉదయం నుంచి నిలబడి ఉన్నాను, మర్నాడు వ్రతం, బూరెల పూర్ణం చేతికంటుకుని ఉంది. ఆ చేత్తోనే గుంపులో పెట్టాను: "మనలో కథ చూసి కాకుండా పేజీలు లెక్కపెట్టి ఓటేసేవాళ్ళు కూడా ఉన్నారండోయ్." పక్కన రెండు నవ్వు బొమ్మలు. నలుగురు నవ్వారు. ఇంకెవరో "అది నేనే" అన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

రాత్రి గిన్నెలు సర్దుకుని ఫోన్ చూస్తే, సోలాపూర్ గుంపులోంచి వెళ్ళిపోయినట్టు ఒక చిన్న గీత. అడ్మిన్‌ని కాబట్టి నాకు కనిపించింది.

అప్పుడు కూడా నేను మంచిదాన్నని చెప్పుకోను. మొదట వచ్చిన ఆలోచన, 'ఇంత మాత్రానికేనా?' అని. మా వారితో చెబితే ఆయన పేపరు దించకుండానే, "నువ్వు ఎవర్ని అన్నావో ఆవిడకి తెలిసింది, నీకు తెలుసు. ఇంకెవరికీ తెలీదు. మరి ఫోన్ చెయ్యొచ్చుగా" అన్నారు. ఆయన ఎప్పుడో ఇలా ఒక మాట అంటారు, దానికి నాకు రెండ్రోజులు కోపం. ఈసారి మాత్రం వ్రతం అయ్యాక, వాయనాలిచ్చి పంపాక, మర్నాడు సాయంత్రమే చేశాను.

ఎత్తుతుందో లేదో అనుకుంటే రెండో రింగుకే ఎత్తింది. వెనకాల మరమగ్గాల చప్పుడు. "ఆగు చెల్లె, మీదికి పోతా" అని మేడెక్కింది. ఏడాదిలో ఆవిడ గొంతు వినడం నాకదే మొదటిసారి.

"అక్కా, నేనన్న మాటకి నొచ్చుకున్నారా?" అన్నాను.

"కోపం ఏం లేదు చెల్లె. సిగ్గైంది. నువ్వన్నది నిజమే గద. పేజీలే లెక్కవెడత నేను."

తర్వాత చెప్పింది. వాళ్ళ తాతలు కరీంనగర్ వైపు నుంచి నేతపనికి సోలాపూర్ వెళ్ళినవాళ్ళు. ఆ ఊళ్ళో అలా వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు వేలల్లో ఉంటాయి. మన ఇళ్ళల్లో సోలాపూర్ దుప్పట్లు కప్పుకోనివాళ్ళు తక్కువ, వాటి వెనక అంత తెలుగు ఉందని తల్చుకునేవాళ్ళు ఇంకా తక్కువ. మగవాళ్ళు మగ్గాల మీద, ఆడవాళ్ళు ఎక్కువగా బీడీలు చుడుతూ. వాళ్ళమ్మ కూడా అంతే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. "నాది మరాఠీ శాళ. తెలుగు నోట్లె ఉన్నది గాని కండ్లల్ల లేదు" అంది. తెలుగు అక్షరాలు ఆవిడ నేర్చుకున్నది నలభై ఐదు దాటాక. హైదరాబాద్ పెళ్ళికొచ్చినప్పుడు ఒక పెద్ద బాలశిక్ష కొనుక్కుని, తనంతట తనే.

ఎందుకు నేర్చుకున్నారక్కా అంటే కాసేపు పలకలేదు. వాళ్ళ నాన్నగారి పెట్టెలో ఊరినుంచి వచ్చిన కార్డులున్నాయట, ఒక కట్ట. నాన్న ఉన్నన్నాళ్ళు తీసి చదువుకునేవాడు. ఆయన పోయాక ఆ ఇంట్లో అవి చదవగలిగేవాళ్ళు ఒక్కరూ లేరు. "పారెయ్యబుద్ధి కాలె. అచ్చు అక్షరాలు చదువుత గని చేతిరాత ఇంక రాదు. పుస్తకాలు చదువుకుంట పోతె ఎప్పటికన్న వస్తది అని మీ గుంపుల చేరిన."

రాత్రి పనయ్యాక నాలుగు పేజీలు. వేలు పెట్టుకుని, పెదవులతో పలుకుతూ. ఒత్తులు వచ్చినచోట ఆగిపోతుంది. "మా మరాఠీల మొదటి అక్షరం సగమైతది. మీ తెలుగుల రెండోది కిందికి దిగుతది. ముందు ఏది పలకాల్నో తిక్కతిక్కైతది" అని నవ్వింది. నలభై ఏళ్ళుగా తెలుగు చదువుతున్నాను, ఈ సంగతి ఎప్పుడూ తోచలేదు నాకు. రాత్రికి నాలుగు పేజీలంటే నెలకి నూట ఇరవై. అందుకే సన్నటి పుస్తకానికి ఓటు. 'స్వీట్ హోమ్' కొంత దూరం చదివిందట, పగలబడి నవ్విందట. కానీ మేం మాట్లాడుకునే రోజుకి చివరి దాకా అవలేదు కాబట్టి నోరు మెదపలేదు. అబ్బూరి ఛాయాదేవిగారి 'తన మార్గం' నెలలో 'బోన్‌సాయ్ బ్రతుకు' ఒక్కటీ రెండుసార్లు చదివింది. చదువు ఆపేసిన పెద్దక్క, చదువుకున్న చెల్లెలు పెంచే మరుగుజ్జు చెట్లు. "ఆ అక్క నేనే అనుకున్న. చెప్దామనుకున్న. మీరందరు గడగడ మాట్లాడుతరు, సందు దొరకలె."

ఆ నెల ఆ కథ మీద నేను పావుగంట మాట్లాడాను. బాగా మాట్లాడానని పొంగిపోయాను కూడా.

గుంపులోకి మళ్ళీ రమ్మంటే వచ్చింది, అదేం కష్టం కాలేదు. కష్టమంతా నేను గుంపులో ఏం చెప్పాలన్న దగ్గరే. ఆవిడ సంగతి ఆవిడ చెప్పుకోవాలి, నేను కాదు. నా సంగతి మాత్రం నేను చెప్పాను. ఒకరిని తెలియకుండా మాటన్నాను, తప్పయింది, చదవడం అందరికీ ఒకేలా సాగదన్న ఊహ కూడా లేకుండా ఏడాదిగా పుస్తకాలు ఎంచుతున్నాం అని.

చిత్రమేమిటంటే, ముందు పలికింది సోలాపూర్ కాదు, డాలస్. తను చిన్నప్పటినుంచీ ఇంగ్లీషు మీడియం, తెలుగు రెండో భాషగా కూడా లేదట, సంస్కృతం తీసుకుందట మార్కుల కోసం. తెలుగు పేజీ చదవడానికి తనకి పది నిమిషాలు. "నేను చాలా పుస్తకాలు సగమే చదివానండీ, ఎవరూ అడగలేదని చెప్పలేదు." వెంటనే బెంగళూరు, "నేనూ." ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు ఒకళ్ళు దొంగ దొరికిపోతే మిగతావాళ్ళంతా బయటికొచ్చినట్టు వచ్చారు. చివరికి టీచరుగారు. శుక్లం ముదిరిందట, ఆపరేషన్ దసరా తర్వాత, ఈ నాలుగు నెలలుగా పేజీ మసక. పాఠాలు చెప్పిన మనిషి, ఆ మాట ఎంత ఇబ్బందిగా పెట్టారో పాపం! రెండుసార్లు రాసి తుడిపేసినట్టు కనబడింది. లెక్కేస్తే పదహారు మందిలో ఐదుగురం, ఎవరి కారణాలు వాళ్ళకి ఉండి, చదవలేకుండానే చదివినట్టు కూచుంటున్నాం. అంతమందిని పెట్టుకుని నేను 'చివరకు మిగిలేది' ఎందుకు నడవలేదా అని ఆలోచించాను!

అప్పుడు సోలాపూర్ అక్క రాసింది. తెలుగులోనే, మొదటిసారి. "నేను గూడ." అంతే. దానికి పదిహేను గుండె బొమ్మలు.

మరి ఏం చేద్దాం? ఎవరైనా పైకి చదువుతుంటే మిగతావాళ్ళం పుస్తకం చేత్తో పట్టుకుని వింటే ఎలా ఉంటుందని విశాఖ అంది. వారానికి రెండు రోజులు, మంగళ, శుక్రవారాలు, రాత్రి తొమ్మిదిన్నరకి అరగంట. డాలస్‌కి అది పొద్దున పదకొండు, పర్వాలేదు. సిడ్నీకి రాత్రి రెండు, పాపం ఆ అమ్మాయికి ఆదివారం నేను విడిగా ఫోన్లో చదువుతాను. రికార్డు చేసి పంపేస్తే సులువు కదా అన్నారొకరు. అది వద్దనుకున్నాం. గుంపులో పడ్డ గొంతు ఎక్కడెక్కడికి వెళ్తుందో తెలీదు, రాసినవాళ్ళ పుస్తకం కొనకుండా ఊరంతా వినిపించడం నాకు నచ్చదు. అందరూ కాపీ కొనాల్సిందే, ఆ నియమం మారలేదు.

దాంతో నా మూడు పుస్తకాల లెక్క తిరగబడింది. కంటికి బాగున్నది నోటికి బాగుండాలని లేదు కదా. పరీక్ష పెట్టాను. రాత్రి వంటింట్లో అత్తయ్యగారు గట్టు మీద కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, ఒక్కో పుస్తకం మొదటి రెండు పేజీలు పైకి చదివాను. 'వనవాసి' చదువుతుంటే నాకే హాయిగా ఉంది, అడవిలో నడిచినట్టు. అత్తయ్యగారు మూడో నిమిషంలో "రేపు పాలవాడికి అర లీటరు ఎక్కువ చెప్పు" అన్నారు. 'విముక్త' శ్రద్ధగానే విన్నారు, కానీ సీత శూర్పణఖతో మాట్లాడటమేమిటని చిక్కుడుకాయలు పక్కన పెట్టి నాతో వాదానికి దిగారు. ఆ వాదం ఇంకా నడుస్తోంది, మా ఇద్దరికీ అదో కాలక్షేపం. ఓల్గాగారి పుస్తకం ఎలాగూ చెయ్యాలి, నవంబరుకి మా తోడికోడలి వంతు, తనకి అప్పచెప్పాను.

'ఇల్లేరమ్మ కతలు' దగ్గరికొచ్చేసరికి పరీక్ష పరీక్షలా లేదు. ఒక చిన్నపిల్ల తన ఇంటి సంగతులు, అమ్మా నాన్నా చెల్లెళ్ళ సంగతులు తన నోటితో చెప్పే కథలవి, నిన్నమొన్నటి ఆంధ్రదేశపు మధ్యతరగతి ఇల్లు. పుస్తకంలా ఉండదు, మన పక్కన కూచుని చెప్తున్నట్టు ఉంటుంది. సుశీలగారు సైన్సు చదువుకుని, భర్తతో కలిసి ఒక చిన్న పరిశ్రమ నడిపిన మనిషి. ఆ అనుభవాలతో 'చిన్న పరిశ్రమలు - పెద్ద కథలు' కూడా రాశారు. పుస్తకాల షాపులో 'తేలిక పుస్తకం' అని నేనే పక్కకి నెట్టిన రోజులున్నాయి. రెండు పేజీలనుకున్నది ఒక కత మొత్తం చదివేశాను. మా అమ్మాయి చెవుల్లోంచి ఆ తీగలు తీసి గుమ్మం దగ్గర నిలబడింది. అత్తయ్యగారు ఈనెలూ కాయలూ కలిపి ఒకే పళ్ళెంలో వేసేశారు, మళ్ళీ ఏరుకోవాల్సొచ్చింది.

పైగా ఒక్కో కత విడిగా ఉంటుంది. ఒక రాత్రి రాలేకపోయినా దారి తప్పరు. నెలాఖరుకి పుస్తకం మొత్తం అవకపోయినా మాట్లాడటానికి ఏదో ఒకటి పూర్తిగా చదివి ఉంటారు. ఇంత చిన్న సంగతి ఐదేళ్ళలో నాకు తట్టలేదు.

మళ్ళీ ఓట్లు పెట్టలేదు. నా వంతు కదా, చెప్పేశాను. ఇద్దరు మూతి ముడిచారు. 'వనవాసి'కి ఓటేసిన విజయవాడ ఆవిడ "పిల్లల కతలా?" అంది. నిజమే, ఆవిడ ఇంకా గట్టి పుస్తకం అడుగుతోంది, అదీ న్యాయమే. అందరినీ ఒకే పుస్తకంతో మెప్పించడం నా వల్ల కాలేదు. 'వనవాసి' ఆవిడా నేనూ విడిగా చదువుకుందామని ఒప్పందం.

ఇప్పటికి నాలుగు రాత్రులు అయ్యాయి. మొదటి రోజు నేను, తర్వాత టీచరుగారి కోడలు, ఆవిడ పక్కన కూచుని టీచరుగారు ఉచ్చారణ దిద్దడం. శ్రావణ పున్నమి రోజుల్లో సోలాపూర్ అక్క రాలేదు, అక్కడ మార్కండేయ రథోత్సవం, ఇల్లంతా చుట్టాలట. ఆ మర్నాడు ఫోన్ చేసి, ఎవరు చదువుతుంటే అక్షరం మీద వేలు అట్లా జరుపుకుంటూ పోతే ఒత్తులు వాటంతటవే పలుకుతున్నాయని చెప్పింది. ఈ శుక్రవారం ఒక పేజీ తను చదువుతానంది. ఒక్కటే, అదీ కత మొదట్లో కాదు, మధ్యలో. మొదట్లో అయితే అందరూ చెవులు పెట్టి వింటారట. నిన్న మధ్యాహ్నం మళ్ళీ ఫోన్, నేను పప్పులో పోపు పెడుతున్నాను.

"చెల్లె, 'రాష్ట్రం' అన్నదాంట్ల ష కింద రెండున్నయి. ఏది ముందు?"

ట ముందు, ర తర్వాత అని చెప్పి, నేనే రెండుసార్లు పలికి చూసుకున్నాను. ఆవాలు మాడాయి.

పేజీ నంబరు గుంపులో పెట్టాను, అందరినీ పుస్తకాలు తీసి సిద్ధంగా ఉండమన్నాను. కిందనే టీచరుగారి మెసేజ్: "కంటి ఆపరేషన్ అయ్యేదాకా ఎలాగూ చదివి వినిపిస్తున్నారు కాబట్టి, అక్టోబరుకి వేయిపడగలు." దానికి మొదటి బొటనవేలు సోలాపూర్‌ది.